వాసన పోవాలంటే ఏ ఫిల్టర్: కార్బనా, పర్మాంగనేటా, జియోలైటా?

ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే ‘హెపా’ అన్న మాటకు వాసనలతో ఏ సంబంధమూ లేదు. హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని ఆపుతుంది. దుమ్ము, పొగ విషయంలో దానికి తిరుగులేదు. కానీ అమ్మోనియా, ఫార్మాల్డిహైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి వాయువుల అణువులు ఆ కణంలో దాదాపు వెయ్యో వంతు ఉంటాయి. హెపా కాగితం వాటికి అసలు అడ్డే కాదు. కొత్త ఫ్లాట్‌లో ప్లైవుడ్ ఘాటు తగ్గుతుందనో, కిటికీ పక్క నాలా కంపు పోతుందనో వేలు పోసి ప్యూరిఫయర్ కొన్నవాళ్లు నెల తిరగకుండానే పెదవి విరవడానికి కారణం ఇదే. వాళ్లు దుమ్ము పట్టే యంత్రం కొని, దానికి సంబంధం లేని పని అప్పగించారు.

వాయువులను పట్టాలంటే యంత్రంలో వేరే సరుకు ఉండాలి. మామూలు యాక్టివేటెడ్ కార్బన్, రసాయనాలు పట్టించిన కార్బన్, పొటాషియం పర్మాంగనేట్ నింపిన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గుళికలు, సన్నటి రంధ్రాలుండే ఖనిజమైన జియోలైట్: మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా ఇవి. ఈ రంగంలో పనిచేసేవాళ్లు వీటన్నిటినీ కలిపి ‘మీడియా’ అంటారు. వీటిలో ఏది మంచిదని అడిగితే జవాబు ఉండదు. ఏ వాయువుకు అని చెబితేనే ఉంటుంది. ఒక వాయువును చక్కగా పట్టే మీడియా పక్క వాయువు దగ్గర చేతులెత్తేస్తుంది. కాబట్టి ముందు వాయువు పేరు, తర్వాత మీడియా బరువు, ఆ తర్వాత గదిలో తేమ చూడాలి. బ్రాండు, ఫోను యాప్, రంగు మారే లైట్లు ఆఖరున చూసుకోవచ్చు.

ముందు వాయువు పేరు

ఇంట్లో అయితే దీనికి ప్రయోగశాల దాకా వెళ్లనక్కర్లేదు. చాలాసార్లు వాసన ఎక్కడ పుడుతోందో చూస్తే చాలు. కొత్త వార్డ్‌రోబ్‌లు, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు ఉన్నచోట ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. వాటిని అతికించే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు నుంచి అది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. ఎండాకాలపు వేడిలో, వానాకాలపు ఉక్కలో ఇంకాస్త ఎక్కువగా వస్తుంది. ఆయిల్ పెయింటు, థిన్నర్, చెక్క పాలిష్ వాడిన చోట టోలిన్, జైలీన్ లాంటి ద్రావకాల ఆవిర్లు. మురుగు కాలువ పక్కన హైడ్రోజన్ సల్ఫైడ్. మూత్రశాలలు, కోళ్ల షెడ్లు, ఐస్ ఫ్యాక్టరీల దగ్గర అమ్మోనియా. గ్యాస్ పొయ్యి, హైవే ట్రాఫిక్ ఉన్నచోట నైట్రోజన్ డయాక్సైడ్.

హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఇంట్లోనే సాక్షి దొరుకుతుంది. తోమి పెట్టిన వెండి కుందులు, గ్లాసులు నాలుగైదు రోజుల్లోనే మసకబారి నల్లబడుతుంటే గాలిలో గంధకపు వాయువు ఉందని అనుమానించవచ్చు. నాలా పక్క అపార్టుమెంట్లలో ఏసీల రాగి గొట్టాలు మాటిమాటికీ చిల్లులు పడి గ్యాస్ కారిపోవడానికీ చాలాసార్లు ఇదే కారణం. మెకానిక్ గ్యాస్ నింపి వెళ్తాడు, మళ్లీ ఎండాకాలానికి అదే కథ.

ముక్కును మాత్రం మరీ నమ్మవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ చాలా తక్కువ మోతాదులోనే కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది కానీ, 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 100 వంతులు) దాటే సరికి వాసన పసిగట్టే శక్తినే దెబ్బతీస్తుంది. మ్యాన్‌హోళ్లలో దిగినవాళ్లు ప్రమాదం తెలియకుండానే పడిపోయేది అందుకే. కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే లేదు.

మామూలు యాక్టివేటెడ్ కార్బన్

కొబ్బరి చిప్పలను గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గుకు 800 నుంచి 1,000 డిగ్రీల వేడిలో నీటి ఆవిరి పట్టిస్తే దాని నిండా కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి. మంచి కార్బన్ ఒక్క గ్రాములో ఆ రంధ్రాల గోడల వైశాల్యం వెయ్యి చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పాతిక సెంట్ల స్థలం. వాయువు అణువులు ఆ గోడలకు అంటుకుని ఉండిపోతాయి. నేలబొగ్గు, కలప నుంచి కూడా కార్బన్ చేస్తారు. కానీ గాలి శుద్ధికి కొబ్బరి చిప్ప కార్బన్‌కే నా ఓటు. రంధ్రాలు బాగా సన్నవి, గింజ గట్టిది, పొడి రాలదు. తమిళనాడు, కేరళల్లో దీని తయారీ పెద్ద పరిశ్రమే కాబట్టి మనకు కొరత కూడా లేదు.

ఏ వాయువు కార్బన్‌కు అంటుకుంటుందో అంచనా వేయడానికి ఒక మోటు లెక్క ఉంది: ఆ పదార్థం ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుందో చూడండి. గది వేడికన్నా ఎంత పైన మరిగితే అంత బాగా పట్టుకుంటుంది. బెంజీన్ 80, టోలిన్ 111, స్టైరీన్ 145 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఇవన్నీ కార్బన్‌కు తేలిక పని. సల్ఫర్ డయాక్సైడ్ మైనస్ 10, ఫార్మాల్డిహైడ్ మైనస్ 19, అమ్మోనియా మైనస్ 33, హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 60. వీటి ముందు మామూలు కార్బన్ దాదాపు నిస్సహాయం. పెయింటు వాసనకు చక్కగా పనిచేసిన ఫిల్టర్ కొత్త అల్మరా ఘాటును ఎందుకు పట్టలేకపోయిందో ఈ అంకెలే చెబుతాయి. ఓజోన్ ఒక్కటి ఈ లెక్కకు లొంగదు. అది మైనస్ 112 దగ్గర మరిగినా, కార్బన్‌ను తాకగానే విడిపోయి మామూలు ఆక్సిజన్ అవుతుంది.

ఇక బరువు. కంపెనీలు చెప్పడానికి ఇష్టపడని అంకె ఇదే. ఒక గదికి వాడే ప్యూరిఫయర్ గంటకు 300 ఘనపు మీటర్ల గాలి తోస్తుందనుకుందాం. అంటే సెకనుకు 83 లీటర్లు. అందులో ఉన్న కార్బన్ 300 గ్రాములైతే, అది ఆక్రమించే చోటు సుమారు 0.6 లీటరు. ఆ కాస్త బొగ్గులోంచి సెకనుకు 83 లీటర్ల గాలి దూసుకుపోతే, గాలికీ బొగ్గుకూ స్పర్శ ఉండేది సెకనులో వెయ్యింట ఏడు వంతులు. పరిశ్రమల్లో వాడే లోతైన ట్రేలలో ఇది పదో వంతు సెకను ఉండేలా చూసుకుంటారు. అంత కావాలంటే మన ప్యూరిఫయర్‌లో సుమారు 4 కిలోల కార్బన్ ఉండాలి. మామూలుగా వచ్చే నల్లటి స్పాంజి షీటులో యాభై గ్రాములున్నా గొప్పే. గాలి తిరిగి తిరిగి అదే ఫిల్టర్‌కు వస్తుంది కాబట్టి ఇంట్లో కిలో, రెండు కిలోలతోనూ ప్రయోజనం ఉంటుంది. యాభై గ్రాములతో మాత్రం వంటింటి పోపు వాసన కొన్నాళ్లు తగ్గుతుంది, అంతే.

కార్బన్ వాయువును నాశనం చేయదు, నిలువ ఉంచుతుంది. ఆ నిలువ నిండాక, గది వేడెక్కినా, బరువైన కొత్త ఆవిరి వచ్చి తేలికైనదాన్ని తోసేసినా, పట్టినదాన్ని తిరిగి గదిలోకే వదులుతుంది. పాత ఫిల్టర్ ఉన్న యంత్రం వేయగానే ఒక రకం మురుగు వాసన రావడం చాలామందికి అనుభవమే. తేమ ఇంకో శత్రువు. గాలిలో తేమ 60 శాతం దాటితే నీటి ఆవిరే రంధ్రాల్లో చోటు ఆక్రమిస్తుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీర పట్టణాల్లో ఏడాదిలో చాలా భాగం తేమ అంతకన్నా ఎక్కువే. అదే ఫిల్టర్ హైదరాబాద్‌లో ఇచ్చినంత పని అక్కడ ఇవ్వదు. తీరంలో ఉన్నవాళ్లు ఏసీ నడుస్తున్న గదిలోనే, తలుపులు మూసి ప్యూరిఫయర్ వాడుకోవడం మేలు.

నాణ్యత తెలుసుకోవడానికి రెండు కొలతలు అడగవచ్చు. అయోడిన్ సంఖ్య, అంటే గ్రాము కార్బన్ పట్టే అయోడిన్, వెయ్యి మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉండాలి. సీటీసీ విలువ, అంటే కార్బన్ తన బరువులో ఎంత శాతం కార్బన్ టెట్రాక్లోరైడ్ ఆవిరిని పడుతుందన్నది, 60 శాతమో అంతకుపైనో ఉండాలి. మొదటిది నీటి శుద్ధి వాళ్లకు ముఖ్యం, గాలికి రెండోదే అసలు లెక్క. అమ్మేవాళ్లు ఎక్కువగా మొదటిదే చెబుతారు.

రసాయనం పట్టించిన కార్బన్

మామూలు కార్బన్ పట్టలేని వాయువుల కోసం దాని రంధ్రాల్లోకి రసాయనం ఎక్కిస్తారు. వాయువు వచ్చి ఆ రసాయనంతో కలిసి లవణంగా మారిపోతుంది, ఇక తిరిగి రాదు. ఆమ్ల వాయువులకు క్షారం, క్షార వాయువులకు ఆమ్లం అన్నది సూత్రం. పొటాషియం హైడ్రాక్సైడ్ పట్టించిన కార్బన్ హైడ్రోజన్ సల్ఫైడ్, సల్ఫర్ డయాక్సైడ్, క్లోరిన్, హైడ్రోజన్ క్లోరైడ్‌లకు. ఫాస్ఫారిక్ ఆమ్లం పట్టించినది అమ్మోనియాకు, చేపల వాసనకు కారణమైన ఎమీన్‌లకు. గంధకం పట్టించినది పాదరసపు ఆవిరికి.

నైట్రోజన్ డయాక్సైడ్ దగ్గర ఒక చిక్కుంది. మామూలు కార్బన్ దాన్ని కొంతవరకు నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చి బయటకు వదిలేస్తుంది. మీటరులో ఒక అంకె తగ్గి ఇంకో అంకె పెరుగుతుంది. క్షారం పట్టించిన కార్బన్ ఈ పనిలో మెరుగు.

వీటికి రెండు లోపాలున్నాయి. రసాయనం కొన్ని రంధ్రాలను ఆక్రమిస్తుంది కాబట్టి పెయింటు ఆవిర్ల లాంటివాటిని పట్టే శక్తి తగ్గుతుంది. రెండోది పెద్ద యూనిట్లలో మరచిపోకూడనిది: క్షారం పట్టిన కార్బన్ మామూలు కార్బన్ కన్నా తక్కువ వేడికే అంటుకుంటుంది. గాలి సరిగా ఆడని పెద్ద బెడ్డులో (మీడియా నింపిన మందపాటి పొరలో) వాయువులు రసాయనంతో కలిసేటప్పుడు పుట్టే వేడి లోపలే పేరుకుని నిప్పు రాజుకున్న సందర్భాలు పరిశ్రమకు తెలుసు. ఇంటి ప్యూరిఫయర్‌లో ఉండే కిలో, రెండు కిలోల దగ్గర ఈ భయం లేదు.

పర్మాంగనేట్ గుళికలు

నాకు బాగా నచ్చిన మీడియా ఇదే, కారణం అది దాచుకోదు. యాక్టివేటెడ్ అల్యూమినాతో చేసిన మూడు మిల్లీమీటర్ల గుండ్రటి గుళికల్లోకి పొటాషియం పర్మాంగనేట్ ఎక్కిస్తారు. కొత్తవి ముదురు ఊదా రంగులో ఉంటాయి. వాయువును ఆక్సీకరించే కొద్దీ పర్మాంగనేట్ మాంగనీస్ డయాక్సైడ్ అయి గుళిక గోధుమ రంగులోకి తిరుగుతుంది. ట్రేలోంచి ఒక గుళిక తీసి బ్లేడుతో రెండుగా కోసి చూడండి. చుట్టూ గోధుమ రంగు వలయం, మధ్యలో ఊదా చుక్క కనిపిస్తే ఇంకా ప్రాణం ఉంది. లోపలి దాకా గోధుమ రంగే ఉంటే పని అయిపోయింది. పై రంగు చూసి మాత్రమే తీర్పు చెప్పేవాళ్లు సగం ఆయుష్షు మిగిలిన సరుకును పారేస్తారు. బొగ్గు ఇలా ఎప్పటికీ చెప్పదు. కొత్తదీ నలుపే, చచ్చినదీ నలుపే.

ఫార్మాల్డిహైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్, ఇథిలీన్: కార్బన్ వదిలేసే ఈ తేలిక వాయువులన్నీ దీని పరిధిలోకి వస్తాయి. పైగా కాస్త తేమ ఉంటేనే ఇది బాగా పనిచేస్తుంది. తీర ప్రాంతాలకు ఇది కార్బన్ కన్నా నప్పుతుందని అనడం అందుకే. టోలిన్, జైలీన్‌లకు మాత్రం ఇది పనికిరాదు. అమ్మోనియాకు కూడా దీన్ని నమ్ముకోవద్దు.

కొనేటప్పుడు పర్మాంగనేట్ శాతం అడగాలి. 4, 8, 12 శాతాల్లో దొరుకుతుంది. కొత్త ఇంటికి ఎంత కావాలో కాగితం మీద వేసి చూద్దాం. పది అడుగుల చదరపు గదిలో సుమారు 30 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు సగం గాలి మారుతోందని, ఫార్మాల్డిహైడ్ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి దగ్గర, అంటే ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము ఉందని అనుకుంటే, గంటకు ఒకటిన్నర మిల్లీగ్రాముల చొప్పున ఏడాదికి 13 గ్రాములు పుడుతున్నట్టు. ఎనిమిది శాతం గుళికలు ఒక కిలోలో 80 గ్రాముల పర్మాంగనేట్ ఉంటుంది. రసాయన సమీకరణం ప్రకారం అది గరిష్ఠంగా 11 గ్రాముల ఫార్మాల్డిహైడ్‌ను కార్బన్ డయాక్సైడ్, నీరుగా మార్చగలదు. ఆచరణలో అంతా ఖర్చవదు, మిగతా వాయువులూ కొంత తినేస్తాయి. కాబట్టి ఒక గదికి ఏడాదికి రెండు, మూడు కిలోలు. ‘ఫార్మాల్డిహైడ్‌ను తొలగిస్తుంది’ అని రాసి ఉన్న ఫిల్టర్ మొత్తం బరువే 400 గ్రాములుంటే, ఆ మాట ఎన్ని వారాలు నిజమో మీరే లెక్క వేసుకోవచ్చు.

చాలా చోట్ల కార్బన్, పర్మాంగనేట్ గుళికలు సగం సగం కలిపిన మిశ్రమం వాడతారు. ఏ వాయువు ఎంత ఉందో తేలనప్పుడు, ఇంటికైనా ఆఫీసుకైనా నా మొదటి సిఫారసు ఈ మిశ్రమమే. ఒకే వాయువు అని ఖాయంగా తెలిసినప్పుడు మాత్రం మిశ్రమం వృథా, దానికి తగినదే నింపుకోవాలి.

జియోలైట్, ఆపైన రాబోయేవి

మామూలు జియోలైట్‌కు నీళ్లంటే ప్రాణం. గాలిలోని తేమనే ముందు పట్టుకుంటుంది. అమ్మోనియాకు క్లినాప్టిలోలైట్ రకం పనికొస్తుంది. సిలికా ఎక్కువగా ఉన్న, నీటిని దూరం పెట్టే రకాలు పరిశ్రమల్లో పెయింట్ బూత్‌ల ద్రావకాలకు వాడతారు. అవి నిప్పుకు భయపడవు, వేడి గాలితో శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చు. ఇంటి ఫిల్టర్‌లో కార్బన్‌తో కలిపి కాస్త జియోలైట్ వేసి ధర పెంచితే ఆ పెంపుకు తగిన లాభం నాకైతే కనిపించదు. కోవిడ్ రోజుల్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లలో వాడింది కూడా జియోలైటే, కాకపోతే అక్కడ దాని పని నైట్రోజన్‌ను పట్టడం.

లోహపు అయాన్లను కర్బన అణువులతో కలిపి అల్లిన రంధ్రాల పదార్థాలు మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లు, పొట్టిగా మాఫ్‌లు, వాటి సృష్టికర్తలు కితగవ, రాబ్సన్, యాఘీలకు 2025 రసాయన నోబెల్ తెచ్చిపెట్టాయి. గ్రాముకు ఏడు వేల చదరపు మీటర్ల దాకా వైశాల్యం ఉన్నవి తయారయ్యాయి. ఇంటి ఫిల్టర్ కోసం మాత్రం ఇప్పుడే వీటి కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు.

పక్కన పెట్టవలసినవి

ఓజోన్ యంత్రాలు కొనవద్దు. వాసన పోయినట్టు అనిపించేది ఓజోన్ ఘాటు దాన్ని కప్పేయడం వల్ల కూడా. ఊపిరితిత్తులకు అది నేరుగా హాని చేస్తుంది. మన జాతీయ ప్రమాణాల్లో ఎనిమిది గంటల సగటుకు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు మించకూడదని పరిమితి పెట్టిన కాలుష్య కారకమే అది. దాన్ని డబ్బిచ్చి ఇంట్లో తయారు చేసుకోవడం ఏమిటి?

టైటానియం డయాక్సైడ్, అతినీలలోహిత దీపం కలిసి కాంతి సాయంతో వాయువులను విడగొట్టే ఫోటోక్యాటలిస్ట్ యంత్రాల వెనక ఉన్న శాస్త్రం అసలైనదే. జపాన్‌కు చెందిన ఫుజిషిమా, హోండా 1972లో ప్రచురించిన పరిశోధనతో మొదలైంది. కానీ చిన్న యంత్రంలో గాలి వేగంగా దాటిపోవడం వల్ల చర్య సగంలో ఆగి, ద్రావకాల ఆవిర్ల నుంచి ఫార్మాల్డిహైడ్ పుట్టే ప్రమాదం ఉంది. వెనక మంచి కార్బన్ బెడ్డు లేకుండా దీన్ని నమ్మను.

వెదురు బొగ్గు సంచులు చెప్పుల అరలో, ఫ్రిజ్‌లో సరే. గదికి కాదు, ఎందుకంటే గాలిని వాటిలోంచి తోసే ఫ్యాన్ లేదు. నెలకోసారి ఎండలో పెడితే మళ్లీ కొత్తవవుతాయన్న మాట తేమ వరకే నిజం. బరువైన ఆవిర్లను వదిలించి కార్బన్‌ను పునరుద్ధరించే కొలిమిలో వేడి 800 డిగ్రీల దగ్గర ఉంటుంది, మేడ మీద ఎండ ఆ పని చేయలేదు. మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్‌ల సంగతి కూడా అంతే. మూసిన గాజు పెట్టెల్లో చేసిన పాత ప్రయోగాలను ఇంటికి వర్తింపజేసి చూసిన 2019 నాటి సమీక్ష, కిటికీలు తెరిస్తే వచ్చే ఫలితం మొక్కలతో రావాలంటే నేల మీద చదరపు మీటరుకు కనీసం పది, గరిష్ఠంగా వెయ్యి మొక్కలు కావాలని తేల్చింది. మొక్కలు పెంచుకోండి, అందం కోసం.

కార్బన్ మోనాక్సైడ్‌కు ఇంటి ఫిల్టర్ ఏదీ లేదు. గనుల్లో, అగ్నిమాపక దళాల తప్పించుకునే మాస్కుల్లో హోప్‌కలైట్ అనే మాంగనీస్, రాగి ఆక్సైడ్ల మిశ్రమం వాడతారు, అది కూడా తేమ తగిలితే చచ్చిపోతుంది. గీజర్ గ్యాస్‌తో నడుస్తుంటే, జనరేటర్ మెట్ల కింద ఉంటే, ఖర్చు పెట్టవలసింది అలారం మీద, గాలి బయటకు పోయే దారి మీద.

ఎవరికి ఏది

కొత్త ఫ్లాట్‌లోకి దిగేవాళ్లు మొదటి నెలలన్నీ కిటికీలు బార్లా తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేసి ఉంచితే ఏ మీడియా కన్నా ఎక్కువ లాభం. తర్వాత పడకగదిలో పర్మాంగనేట్ కలిసిన ఫిల్టర్. వార్డ్‌రోబ్ చేయించకముందే తక్కువ ఫార్మాల్డిహైడ్ ఉన్న బోర్డు ఎంచుకోగలిగితే ఈ ఖర్చులో సగం తగ్గుతుంది.

వంటింట్లో డక్ట్ లేని చిమ్నీ పెట్టి దానిలో చార్‌కోల్ ఫిల్టర్ ఉంది కదా అనుకోవడం పొరపాటు. నూనె ఆవిరి రంధ్రాలను మూసేస్తుంది, నైట్రోజన్ డయాక్సైడ్ తిరిగి వంట చేసేవారి ముఖానికే వస్తుంది. గోడకు కన్నం పెట్టి డక్ట్ బయటకు తీయించండి. అద్దె ఇల్లయినా ఆ ఖర్చు పెట్టదగినదే.

మూసీ, హుస్సేన్‌సాగర్ చుట్టుపక్కల, పెద్ద నాలాల వెంట ఉన్న ఇళ్లు, ఆఫీసులకు క్షారం పట్టిన కార్బన్ గానీ మిశ్రమం గానీ. అక్కడ సర్వర్ గది ఉంటే ఇది ఆరోగ్యంతో పాటు డబ్బు సమస్య కూడా. 2006లో ఐరోపా ఎలక్ట్రానిక్ పరికరాల్లో సీసం (లెడ్) లోహాన్ని నిషేధించాక సర్క్యూట్ బోర్డుల మీద వెండి పూత వాడకం పెరిగింది, గంధకపు వాయువు దాన్ని తినేస్తుంది. దీన్ని కొలవడానికి ఐఎస్ఏ 71.04 అనే ప్రమాణం ఉంది. రాగి, వెండి రేకులను నెల రోజులు గదిలో ఉంచి, వాటి మీద పేరుకున్న తుప్పు మందం చూస్తారు. రాగి మీద 300 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు), వెండి మీద 200 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటే అది జీ1, పరికరాలకు భయం లేదు. రేకులు పెట్టకముందే ఫిల్టర్ యూనిట్ అమ్మడానికి వచ్చేవాడిని వెనక్కి పంపండి. ముందు తలుపుల సందులు, కేబుళ్ల కన్నాలు మూయించి, శుద్ధి చేసిన గాలితో గదిలో కాస్త అధిక పీడనం ఉంచాలి. అవి మూయకుండా ఎన్ని కిలోలు నింపినా దండగ.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు, భీమవరం రొయ్యల శుద్ధి ప్లాంట్లలో చాలావరకు శీతలీకరణకు అమ్మోనియా వాడతారు. కంట్రోల్ రూములో, పక్క ఆఫీసులో నిత్యం ఉండే కాస్త ఘాటుకు ఫాస్ఫారిక్ ఆమ్లపు కార్బన్ సరైనది. లీకైతే మాత్రం ఏ ట్రే కూడా నిలవదు. అప్పుడు నీటి స్ప్రే, మాస్కు, గాలికి అడ్డంగా పరుగు. పండ్ల నిల్వ గదులకు, ఎగుమతి కంటైనర్లకు పర్మాంగనేట్ సంచులే. అరటిని ముగ్గబెట్టే ఇథిలీన్ మైనస్ 104 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కార్బన్‌కు అది చిక్కదు.

పెయింటర్లు, పురుగుమందు కొట్టేవాళ్లు మాస్కు క్యాట్రిడ్జ్ మీది రంగు పట్టీ చూడాలి. ఐరోపా పద్ధతిలో గోధుమ రంగు ద్రావకాలకు, బూడిద రంగు క్లోరిన్, హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటివాటికి, పసుపు సల్ఫర్ డయాక్సైడ్ వంటి ఆమ్ల వాయువులకు, ఆకుపచ్చ అమ్మోనియాకు. అమెరికా పద్ధతిలో ద్రావకాలకు నలుపు, ఆమ్ల వాయువులకు తెలుపు, అమ్మోనియాకు ఆకుపచ్చే. మందు పిచికారీకి, స్ప్రే పెయింటుకు ముందు భాగాన కణాల ఫిల్టర్ కూడా తగిలించాలి, తుంపరను కార్బన్ ఆపలేదు. నల్లటి పొర కుట్టిన గుడ్డ మాస్కును ఈ పనులకు వాడటం ప్రాణంతో ఆట.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో స్టైరీన్ లీకైన తర్వాత చాలామంది ఇంటికి ప్యూరిఫయర్ ఉంటే బతికిపోతామా అని అడిగారు. స్టైరీన్‌ను కార్బన్ బాగానే పడుతుంది. కానీ అంత మోతాదు ముందు ఇంటి ఫిల్టర్ నిమిషాల్లో నిండిపోతుంది. పరిశ్రమ పక్కన ఉండేవాళ్లకు సైరన్, గాలి వాటం చూసుకుని తప్పుకునే దారి కావాలి.

కొనే ముందు, కొన్న తర్వాత

సీఏడీఆర్, అంటే యంత్రం గంటకు ఎంత శుద్ధమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె, చూసి మోసపోవద్దు. అమెరికా పద్ధతిలో అది పొగ, దుమ్ము, పుప్పొడికి కొలిచినది. చైనా ప్రమాణం జీబీ/టీ 18801లో ఫార్మాల్డిహైడ్‌కు విడిగా సీఏడీఆర్, మొత్తం ఎంత పట్టగలదన్న కొలత కూడా ఉన్నాయి. ఆ రెండు అంకెలు ఇచ్చే కంపెనీని కాస్త నమ్మవచ్చు. పెద్ద యూనిట్లకైతే వాయువుల ఫిల్టర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10121 ప్రకారం పరీక్షించారా, ఎంత గాఢత దగ్గర పరీక్షించారు అని అడగండి. పరీక్షల్లో ఎక్కువ గాఢత దగ్గర వచ్చే పట్టు శక్తి, మన గదిలో ఉండే అతి తక్కువ గాఢత దగ్గర రాదు.

యూనిట్‌లో వరుస కూడా ముఖ్యమే. ముందు దుమ్ము ఫిల్టర్, మధ్యలో మీడియా, ఆఖరున బొగ్గు పొడి, గుళికల ధూళి ఆపే సన్నటి ఫిల్టర్. ముందు ఫిల్టర్ లేకపోతే ఖరీదైన మీడియా దుమ్ముతోనే మూసుకుపోతుంది. పెద్ద చోట్ల మూడు నెలలకోసారి ట్రేలోంచి కొద్దిగా నమూనా తీసి మిగిలిన శక్తిని పరీక్ష చేయించే ఒప్పందం అమ్మేవాళ్లతోనే రాయించుకోవచ్చు, అడిగితే ఒప్పుకుంటారు.

విడి ఫిల్టర్లు రెండు మూడు కలిపి తక్కువకు వస్తున్నాయని కొంటే, బిగించే రోజు దాకా వాటి ప్లాస్టిక్ కవరు చించవద్దు. తెరిచి అల్మరాలో పెట్టిన కార్బన్ యంత్రం లేకుండానే ఆ అల్మరా గాలిని, పక్కనున్న ఫినాయిల్‌నీ నాఫ్తలీన్ ఉండలనూ పట్టుకుంటూ కూర్చుంటుంది. బిగించే నాటికే సగం నిండి ఉంటుంది.